ఇంటికొచ్చినవాళ్ల దగ్గర కాఫీకి డబ్బులు తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 42. పిల్లలు చిన్నప్పుడు ఉద్యోగం మానేశాను. మళ్లీ చేరదామంటే నాకు కుదిరే వేళల్లో ఏదీ దొరకడం లేదు. ఖర్చులు పెరిగాయి, మావారి జీతం ఒక్కటే ఆధారం. నాకు కాఫీ అంటే ప్రాణం. గింజలు తెప్పించుకుని, ఇంట్లోనే పొడి చేసుకుని రకరకాలుగా కలుపుతాను. వచ్చినవాళ్లంతా ‘నువ్వు కాఫీ షాపు పెట్టొచ్చు కదా’ అంటారు. షాపు పెట్టే స్తోమత మాకు లేదు. వారానికోసారి ఇంట్లోనే ఐదారుగురిని కూర్చోబెట్టి, మంచి కాఫీ ఇచ్చి, కాసేపు కబుర్లు చెప్పుకునేలా ఏర్పాటు చేసి మనిషికి ఇంత అని తీసుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. కానీ గడప తొక్కినవాళ్లను కాఫీకి డబ్బులు అడగడానికి నోరు రావడం లేదు. ఎంత తీసుకోవాలో తెలియదు. స్నేహితులను పిలవాలా, తెలియనివాళ్లనా? మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడ ఏమంటారో అని టెన్షన్. మెషీన్, కొత్త కప్పులు కొనాలా? నెలకు చెప్పుకోదగ్గ డబ్బు మిగులుతుందా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగినవి చాలా ఉన్నాయి గానీ, అన్నిటికీ మూలం ఒకటే అనిపించింది. ‘నోరు రావడం లేదు’ అన్నారే, అది. అది తేలకుండా గింజల గురించీ కప్పుల గురించీ ఎంత మాట్లాడుకున్నా ఉపయోగం లేదు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

పలకరించడానికి వచ్చిన మనిషికి కాఫీ ఇచ్చి డబ్బు అడగడం నాకూ నచ్చదు. మీరు తలపెట్టిన పని వేరు. ఫలానా రోజు, ఫలానా వేళకు, ముందే తెలిసిన ధర కట్టి, కావాలనుకున్నవాళ్లు మాత్రమే వస్తారు. వాళ్లకోసం మీరు పొద్దున్నే లేచి గది సర్దుతారు, రెండు గంటలు పూర్తిగా కేటాయిస్తారు, మీకు తెలిసింది చెబుతారు, కొత్త మనుషులను ఒకరికొకరిని పరిచయం చేస్తారు. సంగీతం నేర్పే టీచరుగారి ఇంటికి పిల్లలు వెళ్తారు, ఆవిడ ఫీజు తీసుకుంటారు. ఇంటికొచ్చిన పిల్లల దగ్గర డబ్బులేమిటని ఎవరూ అనరు. మీదీ అలాంటి పనే. మీరు ధర పెట్టాల్సింది కుర్చీకి. కాఫీ ఆ కుర్చీతో పాటు వస్తుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో 1650ల తొలినాళ్లలో కాఫీ హౌస్‌లు మొదలయ్యాయి. లండన్‌లో మొదటిది తెరిచింది 1652లో. ఒక పెన్నీ ఇచ్చి లోపలికి వెళ్తే కాఫీ దొరికేది, కూర్చోవడానికి బల్ల, చదవడానికి వార్తాపత్రికలు, వినడానికి చర్చలు ఉండేవి. అందుకే వాటికి ‘పెన్నీ విశ్వవిద్యాలయాలు’ అని పేరు వచ్చింది. వాటిలో ఎడ్వర్డ్ లాయిడ్ నడిపిన కాఫీ హౌస్‌కు నావికులు, వర్తకులు, ఓడల యజమానులు ఓడల కబుర్ల కోసం చేరేవాళ్లు. లాయిడ్స్ అనే ప్రపంచప్రసిద్ధ ఇన్సూరెన్స్ మార్కెట్ పుట్టింది ఆ బల్లల దగ్గరే. మనుషులను మళ్లీ మళ్లీ రప్పించేది అక్కడ దొరికే సాంగత్యం. కాఫీ బాగుండాలి, సందేహం లేదు. కానీ అదొక్కటే అయితే ఎవరి వంటింట్లో వాళ్లే కలుపుకుంటారు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. నేనూ కొంతకాలం ఇలాంటివి మా ఇంట్లో నడిపాను. మొదటి నెల మీలాగే మొహమాటపడి ధర చెప్పలేదు. గుమ్మం పక్కన చిన్న బల్ల మీద ఒక గాజు జాడీ పెట్టి, ‘మీకు తోచింది వేయండి’ అని చీటీ అతికించాను. ఒకాయన వేసిన మొత్తం చూసి పక్కావిడ తాను వేసింది తక్కువైందేమోనని ఇబ్బంది పడింది. ఇంకొకావిడ చెప్పులు వేసుకున్నాక గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. పర్సంతా వెతికితే చిల్లర లేదు. ‘ఏం పర్వాలేదండీ’ అన్నాను, ఆవిడ ముఖం మాత్రం చిన్నబోయింది. ఆ తర్వాతి వారం ఆవిడ రాలేదు. అసలు బాధ ఇంకొకటి ఉంది. వాళ్లు నా ఎదుట కూర్చుని మాట్లాడుతుంటే నా చూపు ఆ జాడీ మీదికి పోయేది. ఎవరు వేశారు, ఎంత వేశారు అని. ఆ చూపు నాకే నచ్చలేదు.

మరుసటి నెల జాడీ తీసేశాను. ధర ముందే చెప్పి, డబ్బు ముందే తీసుకోవడం మొదలుపెట్టాను. సమావేశం జరిగే రోజు ఇంట్లో ఎవరి చేతిలోనూ డబ్బు కనిపించకూడదు అన్నది ఒక్కటే నియమం. అది పెట్టుకున్నాక గుమ్మంలో నిలబడి నవ్వుతూ ‘రండి’ అనడం మళ్లీ తేలికైంది. వచ్చినవాళ్లు కూడా కప్పు చేతిలోకి తీసుకునేటప్పుడు లెక్కల గురించి ఆలోచించే పని ఉండదు.

మీరు నోటితో అడగక్కర్లేదు. మెసేజ్ అడుగుతుంది. ఇలా రాయండి: ‘శనివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు మా ఇంట్లో కాఫీ సమావేశం. ఆరు కుర్చీలు. ఈసారి మూడు రకాల గింజలు పక్కపక్కన రుచి చూద్దాం. ఒక్కొక్కరికి ఇంత. బుధవారంలోగా డబ్బు పంపినవారికి చోటు ఖాయం. రాలేకపోతే గురువారం రాత్రిలోగా చెప్పండి, డబ్బు తిరిగి పంపిస్తాను. ఆ తర్వాత అయితే మీ బదులు ఇంకొకరిని పంపవచ్చు.’ ఇంతే. ‘దయచేసి ఏమీ అనుకోకండి’, ‘ఖర్చులకు మాత్రమే’ లాంటివి చేర్చకండి. మీరు క్షమాపణ చెప్పుకుంటూ అడిగితే, ఇందులో ఏదో తప్పుందని చదివేవాళ్లకు మీరే చెప్పినట్టు అవుతుంది.

ఎంత తీసుకోవాలన్నదానికి నేను అంకె చెప్పను, లెక్క కట్టే పద్ధతి చెబుతాను. ముందు కాఫీ. లీటరు నీళ్లకు 60 గ్రాముల పొడి అనేది పేపర్ ఫిల్టర్‌తో వడకట్టే కాఫీకి నమ్మదగ్గ కొలత. తడిసిన పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీళ్లు పీల్చి ఉంచుకుంటుంది. కాబట్టి లీటరు పోస్తే కప్పుల్లోకి వచ్చేది 900 మిల్లీలీటర్లకు కాస్త తక్కువే. ఆరుగురికి ముందు మూడు రకాలు, ఒక్కో రకం 50 మిల్లీలీటర్ల చొప్పున రుచికి ఇస్తారనుకుందాం. ఆ పైన ఎవరికి నచ్చింది వాళ్లకు ఒక నిండు కప్పు. రుచికి సుమారు 60 గ్రాములు, నిండు కప్పులకు ఇంకో 60. అంటే పావుకిలో గింజలు రెండు సమావేశాలకు సరిపోతాయి. దీనికి పాలు, చక్కెర, బిస్కెట్లు, ఫిల్టర్ పేపర్లు, గ్యాసు, తుడుచుకునే కాగితాలు కలపండి.

తర్వాత మీ సమయం. చాలామంది దీన్ని వదిలేస్తారు, అక్కడే దెబ్బతింటారు. రెండు గంటల సమావేశానికి ముందు గంటన్నర సర్దుడు, తర్వాత గంట కడుగుడు, వారం మధ్యలో ఫోన్లు, మెసేజ్‌లు ఇంకో అరగంట. మొత్తం ఐదు గంటలు. మీకు తెలిసిన పార్ట్‌టైమ్ పని ఏదైనా చేస్తే గంటకు ఎంత వచ్చేదో ఆ లెక్కన ఐదు గంటల కూలి వేసుకోండి. దాన్ని ఖర్చుకు కలపండి. వచ్చిన మొత్తాన్ని ఆరుతో కాదు, నాలుగుతో భాగించండి. ఎందుకంటే కొన్ని వారాలు నాలుగు కుర్చీలే నిండుతాయి. నలుగురితో మీ కూలి గిట్టాలి. ఐదో మనిషి, ఆరో మనిషి కట్టేది మిగులు.

అలా వచ్చిన ధర చూసి ఉలిక్కిపడకండి. దాన్ని బయట దొరికే ఒక కప్పు కాఫీ ధరతో పోల్చకండి. రెండు గంటల క్లాసుకు మనుషులు ఎంత కడుతున్నారో దానితో పోల్చండి. ‘కాఫీకి అంతా?’ అని ఎవరైనా అంటే వాళ్లు మీ సమావేశానికి వచ్చే మనిషి కాదు. వాదించాల్సిన పనిలేదు, ధర తగ్గించాల్సిన పని అంతకన్నా లేదు.

ఆదాయం సంగతి దాచకుండా చెబుతాను. వారానికొకటి, ఆరు కుర్చీలు అంటే నెలకు 24 కుర్చీలు. అన్నీ నిండవు. మొదటి మూడు నెలలు సగం నిండితే బాగా జరుగుతున్నట్టే లెక్క. ఖర్చులు పోగా మిగిలేది కరెంటు బిల్లుకో, పిల్లల ట్యూషన్‌కో సరిపోవచ్చు. ఇంటి అద్దె కట్టగలిగే ఆదాయం అవుతుందని ఆశపెట్టుకోకండి. మీవారి జీతం ఒక్కటే ఆధారం అంటున్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: దీనికోసం ఒక్క పైసా అప్పు చేయకండి. ఒక చిన్న త్రాసు తప్ప మొదటి మూడు నెలలు కొత్త సామాను కొనకండి. ఆ తర్వాత ఆదాయం పెంచాలనుకుంటే కుర్చీలు పెంచవద్దు. ఎనిమిది దాటితే బల్ల చుట్టూ ఒక మాట నడవదు, రెండు గుంపులు అవుతాయి, మీరు వడ్డించే మనిషిగా మిగిలిపోతారు. దానికి బదులు నెలకోసారి, ఇంట్లో కాఫీ చేసుకోవడం నేర్పే చిన్న క్లాసు పెట్టి దానికి కాస్త ఎక్కువ తీసుకోండి. లేదా ఒకే బృందం ఆరు కుర్చీలూ కలిపి తీసుకునే ఏర్పాటు చేయండి. ఖాళీ కుర్చీల బెంగ ఉండదు.

స్నేహితుల విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినంగా అనిపించవచ్చు. దగ్గర స్నేహితులను ఈ సమావేశాలకు పిలవకండి. వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే మీకు ముల్లులా ఉంటుంది, తీసుకోకపోతే పక్కన డబ్బు కట్టి కూర్చున్న మనిషికి అన్యాయం. వాళ్లను ఎప్పటిలాగే ఇంకో రోజు పిలిచి ఎప్పటిలాగే కాఫీ ఇవ్వండి. వాళ్ల నుంచి వేరే సాయం అడగండి. ‘నీకు తెలిసినవాళ్లలో ఇలాంటిది ఇష్టపడేవాళ్లు ఒక్కరు ఉంటే చెప్పు’ అనండి. ఆరుగురు స్నేహితులు ఒక్కొక్కరి పేరు చెబితే మీ మొదటి శనివారం నిండిపోతుంది. ‘కాఫీ షాపు పెట్టొచ్చు కదా’ అని ఎవరన్నారో వాళ్లకే మొదటి ఫోన్ చేయండి.

ఇలా ఒకరి ద్వారా ఒకరు రావడంలో ఇంకో మేలుంది. మీది ఇల్లు. పిల్లలున్నారు, పెద్దావిడ ఉన్నారు. ఎవరో ఏమిటో తెలియని మనిషి లోపలికి రాకూడదు. ఇంటి అడ్రసు అందరికీ కనిపించేలా ఎక్కడా పెట్టకండి. డబ్బు కట్టి చోటు ఖాయం చేసుకున్నవాళ్లకే పంపండి. మొదటి కొన్నిసార్లు మీవారు ఇంట్లో ఉండే రోజే పెట్టుకోండి. పడకగదుల తలుపులు మూసి ఉంచండి. వచ్చినవాళ్లు వాడే బాత్రూములో మందులు, నగలు, కాగితాలు లాంటివి ఉంటే ముందురోజే తీసేయండి.

అత్తగారి గురించి. ఆవిడకు నచ్చుతుందో లేదో అని మీరు ఊహించుకుంటూ కూర్చోవడం కన్నా, అంతా ఖాయం కాకముందే అడగడం మంచిది. అన్నీ ఏర్పాటు చేసుకుని చివర్లో చెబితే ఎంత మంచివాళ్లకైనా మనసు కష్టపడుతుంది. ‘అత్తయ్యా, ఇలా అనుకుంటున్నాను, మీరేమంటారు?’ అని మొదలుపెట్టండి. ఏ రోజు, ఏ గది, ఎన్ని గంటలు, ఎంతమంది, అన్నీ చెప్పండి. ఆవిడ గదిలోకి ఎవరూ రారని, ఆవిడ భోజనం వేళ మారదని మాటివ్వండి. ‘నాలుగు వారాలు చూద్దాం, మీకు ఇబ్బందిగా ఉంటే ఆపేస్తాను’ అని గడువు కూడా పెట్టండి. గడువున్న పనికి ఒప్పుకోవడం తేలిక. ఒక్క జాగ్రత్త, ఆవిడకు పని అప్పజెప్పకండి. పళ్లేలు అందించడమో పిల్లలను చూడటమో మొదటి వారమే మీద పడితే రెండో వారానికి ఆవిడ వద్దంటారు, అందులో ఆవిడ తప్పేమీ ఉండదు. తనంతట తాను వచ్చి కూర్చుంటానంటే మాత్రం ఏడో కుర్చీ వేయండి.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను గానీ తేలిగ్గా తీసుకోకండి. ఇంటి నుంచి తిండి, పానీయాలు డబ్బుకు ఇస్తే చాలాచోట్ల రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ‘విరాళం’ అని పేరు మార్చినంత మాత్రాన ఆ బాధ్యత పోదు. మీ స్థానిక ఆహార భద్రత కార్యాలయంలో అడగండి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అపార్ట్‌మెంట్ అయితే సంఘానికి చెప్పండి. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటే, ఇలా డబ్బు తీసుకుని మనుషులను పిలిస్తే అది వర్తిస్తుందో లేదో కనుక్కోండి. వచ్చిన ప్రతి పైసా, పెట్టిన ప్రతి ఖర్చు మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కులో రాయండి. పన్నుల వేళ అదే మీకు అక్కరకొస్తుంది. మొదట్లో తినడానికి సీలు ఉన్న బిస్కెట్లు మాత్రమే పెట్టండి. ఇంట్లో వండినవి అమ్మితే నియమాలు ఎక్కువవుతాయి, పని రెట్టింపవుతుంది. పాలు, జీడిపప్పు, బాదం లాంటివి పడనివాళ్లు ఉంటారు కాబట్టి చోటు ఖాయం చేసేటప్పుడే అడగండి. పాలు ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకండి.

ఇక నాకు చాలా ఇష్టమైన భాగం. ఆ రెండు గంటలూ ఏం చేయాలి?

ఏదో ఒక అంశం లేకుండా పిలవకండి. ‘రండి, కాఫీ తాగి మాట్లాడుకుందాం’ అంటే మొదటివారం వస్తారు, రెండోవారం ఏదో పని పడుతుంది. ఒక వారం అరబికా, రోబస్టా అనే రెండు రకాల కాఫీ గింజలను పక్కపక్కన పెట్టండి. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువే. ఆ తేడా నాలుకకు తెలిసిన క్షణం మనుషుల ముఖాలు చూడాలి. ఇంకో వారం ఒకే గింజలను మూడు విధాలుగా చేయండి: ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని వేడినీళ్లలో నానబెట్టి, జల్లెడతో కిందికి నొక్కే పాత్ర), మోకా పాట్ (పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో కాఫీ దిగే పాత్ర), పేపర్ ఫిల్టర్. పేపర్ ఫిల్టర్ పోసేటప్పుడు చెప్పడానికి ఒక మంచి కథ ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్జ్ అనే గృహిణి, కప్పు అడుగున చేరే మడ్డి భరించలేక, కొడుకు స్కూలు నోటుబుక్కులోంచి బ్లాటింగ్ కాగితం చించి, చిల్లులు కొట్టిన ఇత్తడి గిన్నెలో వేసి కాఫీ వడకట్టింది. 1908లో దానికి హక్కులు పొంది, ఆ ఏడాదే తమ ఇంట్లోనే వ్యాపారం మొదలుపెట్టింది. భర్త, కొడుకులు ఆవిడకు తొలి పనివాళ్లు. ఆ కథ మీ బల్ల దగ్గర మీ నోటి నుంచి వింటే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

మరో వారం కాఫీ కొనుగోలుదార్లు గింజలను పరీక్షించే పద్ధతి చూపించండి. గిన్నెకు 11 గ్రాముల పొడి, కాస్త బరకగా. ముందు పొడిగా ఉన్నప్పుడే అందరికీ వాసన చూపించండి. తర్వాత 200 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి కదపకుండా వదిలేయండి. పొడి పైకి తేలి గోధుమరంగు పొరలా కట్టుకుంటుంది. నాలుగు నిమిషాలు ఎవరినీ ముట్టనివ్వకండి. గడియారం చూస్తూ ఆరుగురు పెద్దవాళ్లు నిశ్శబ్దంగా ఒక గిన్నె చుట్టూ వంగి ఉంటారు. నాలుగో నిమిషానికి ఒకరి చేతికి చెంచా ఇచ్చి, ముక్కు గిన్నె దగ్గర పెట్టి ఆ పొరను మెల్లగా వెనక్కి తొయ్యమనండి. లోపల బిగబట్టి ఉన్న వాసనంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. మా ఇంట్లో ఒక రిటైరైన పెద్దమనిషి ఆ పొర విరిచి, తలెత్తకుండా అలాగే ఉండిపోయారు. చాలాసేపటికి ‘ఎండుగడ్డి మీద మొదటి వాన పడ్డట్టుంది’ అన్నారు. అప్పటిదాకా నోరు విప్పని మనిషి ఆయన. ఆ మాటతో పక్కావిడ తన చిన్నప్పటి పశువులపాక గురించి మొదలుపెట్టింది. ఆ రోజు నేను మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. పొర విరిచాక పైన తేలిన నురగ తీసేసి, కాస్త చల్లారాక ఎవరి కప్పులోకి వాళ్లకు గరిటెతో కొద్దికొద్దిగా పోయండి. ఒకే గిన్నెలో అందరూ చెంచాలు ముంచనివ్వకండి.

సమావేశం ఉదయమే పెట్టుకోండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగినవాళ్లు ఆ రాత్రి నిద్రపట్టక మిమ్మల్ని తలుచుకుంటారు. నేను పైన చెప్పిన లెక్కలో మూడు రుచులు, ఒక నిండు కప్పు కలిపితే అరబికా గింజలతో మనిషికి దాదాపు 200 మిల్లీగ్రాముల కెఫీన్ అవుతుంది, రోబస్టా కలిస్తే ఇంకా ఎక్కువ. ఐరోపా ఆహార భద్రత సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు ఒకేసారి 200, రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంటుంది. గర్భిణులకు రోజంతటికీ 200 మాత్రమే. కాబట్టి రెండో నిండు కప్పు మీరుగా ఇవ్వకండి. మంచినీళ్ల జగ్గు బల్ల మీద ఎప్పుడూ ఉండాలి, కెఫీన్ తీసేసిన కాఫీ కొంచెం ఇంట్లో ఉంచుకోవాలి.

మాటలు నడిపించడం గురించి ఒకటి రెండు చెబుతాను. ప్రతి గుంపులోనూ ఒకరు ఆపకుండా మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్లను బల్లకు ఎదురుగా కాకుండా మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. మీరు కప్పు అందిస్తూ ‘ఈవిడకు ఏ రుచి తగిలిందో విందాం’ అని మాట అటు మళ్లించవచ్చు. బిడియస్తులను నేరుగా ‘మీ గురించి చెప్పండి’ అనకండి. మూడు కప్పుల్లో ఏది నచ్చిందని అడగండి, దానికి తప్పు సమాధానం ఉండదు. పన్నెండు కొట్టగానే మీరే లేచి కప్పులు తీయడం మొదలుపెట్టండి. ఎంత బాగా జరుగుతున్నా అంతే. వేళకు ముగిస్తే వచ్చేవారం మీకు మళ్లీ పిలవాలనిపిస్తుంది, మీ ఇంట్లోవాళ్లు కూడా సణగరు.

ఒక వారం ఇద్దరే వస్తారు. ఆ రోజు రద్దు చేయకండి. అదే గది, అదే మూడు కాఫీలు, అదే శ్రద్ధ. మా ఇంటికి అలా వచ్చిన ఇద్దరే తర్వాత ఎంతోమందిని తీసుకొచ్చారు.

మెషీన్ వద్దు. ఎస్ప్రెస్సో మెషీన్‌తో ఆరుగురికి చేయాలంటే అరగంట వాళ్లకు వీపు చూపిస్తూ నిలబడాలి. ఆ చప్పుడులో మాటలు వినబడవు. ఆ మూడు నెలలు గడిచాక డబ్బు పెట్టగలిగితే సమంగా నూరే మంచి గ్రైండర్ మీద పెట్టండి. ఇప్పుడున్నది బాగా పనిచేస్తుంటే అదీ అక్కర్లేదు. గ్రాముల్లో తూచే చిన్న త్రాసు మాత్రం తప్పనిసరి. కాఫీ పొడి చేసిన కాసేపటికే వాసన తగ్గుతుంది కాబట్టి గింజలను వాళ్ల ఎదుటే పొడి చేయండి, ఆ పరిమళమే మీ స్వాగతం. గింజలు వేయించిన తేదీ చూసి కొనండి. వేయించిన వారం తర్వాత మొదలుపెట్టి నెలలోపు వాడేస్తే మంచిది. నీళ్లు మరిగాక అరనిమిషం ఆగి పోయండి. 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉంటే చాలు.

కప్పులు కొత్తవి కొనాల్సిన పనిలేదు. ఇంట్లో ఉన్నవాటిలో అంచు పగలనివి ఆరు తీయండి. ఒకదానికొకటి పోలిక లేకపోయినా ఫర్వాలేదు, ఎవరి కప్పు ఏదో గుర్తుంటుంది. పోయబోయే ముందు వేడినీళ్లతో కడిగి వెచ్చగా ఉంచండి.

మొదటి మెసేజ్ పంపే ముందు ఒక శనివారం ఇంట్లోవాళ్లతోనే చేసి చూడండి. మీవారు, పిల్లలు, అత్తగారు. పిల్లలకు పాలు. పదింటికి మొదలుపెట్టి పన్నెండింటికి ఆపండి. మొదటి కప్పు అత్తగారికి ఇవ్వండి. నీళ్లు కాగడానికి ఎంతసేపు పట్టింది, ఏ కుర్చీ తలుపుకు అడ్డం వచ్చింది, చెంచాలు ఎన్ని తక్కువయ్యాయి, ఎక్కడ మాట ఆగిపోయింది, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని వంటింట్లో గోడకు అంటించి, మరుసటి సోమవారం మీ స్నేహితురాళ్లకు ఫోన్ చేయండి.